రక్తపరీక్ష లేకుండా విటమిన్ డి అంచనా వేసుకోవడం ఎలా?

"సూది గుచ్చించుకోకుండా నాలో విటమిన్ డి ఎంతుందో తెలుసుకునే దారేమైనా ఉందా?" ఫిజియోథెరపీ చేసే నన్ను వారానికి ఇద్దరు ముగ్గురైనా ఈ మాట అడుగుతారు. కొందరికి సూదంటే భయం. కొందరి ఊళ్ళో ఆ పరీక్ష చేసే ల్యాబే లేదు. కొందరికి ఖర్చు బరువు. మంచాన పడ్డ పెద్దవాళ్ళకైతే నరం దొరకడమే గగనం.

ముందే చెప్పేస్తాను. ఫలానా అంకె కావాలంటే రక్తం ఇవ్వక తప్పదు. ఉమ్మి, వెంట్రుక, గోరు, నాలుక ఫోటో, వీటిలో ఏదీ ఆ అంకె చెప్పలేదు. అయితే చాలామందికి అంకెతో పని లేదు. నాకు తక్కువయ్యే అవకాశం ఎంత, మాత్ర వేసుకోవాలా వద్దా, డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళ్ళాలా ఆగొచ్చా? తెలియాల్సింది ఇదే. దీనికి ఒక నోట్‌బుక్కు, ఒక కుర్చీ, మీ నీడ, ఒక వారం ఓపిక సరిపోతాయి. ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దలకు ఊరికే ఈ పరీక్ష చేయించనక్కర్లేదని అమెరికాలోని హార్మోన్ డాక్టర్ల సంఘం, ఎండోక్రైన్ సొసైటీ కూడా 2024లో చెప్పింది.

కావలసినవి

- నోట్‌బుక్కు, పెన్ను
- చేతులు లేని గట్టి కుర్చీ, సీటు ఎత్తు 43–45 సెంటీమీటర్లు (తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది)
- సెకన్లు చూపించే ఫోను లేదా వాచీ
- ఇంట్లో ఉన్న మందులన్నీ, పాత చీటీలతో సహా
- మీరు వాడే పాల ప్యాకెట్టు, నూనె ప్యాకెట్టు (ఖాళీవైనా చాలు)
- కుర్చీ పరీక్షప్పుడు పక్కన ఒక మనిషి

1. ఇది మీరు చేయొచ్చా? ముందు అది తేల్చుకోండి

కింద చెప్పినవాటిలో ఒక్కటి ఉన్నా ఇంటి అంచనా పక్కన పెట్టి డాక్టరును కలవండి.

పసిబిడ్డకు ఫిట్స్ రావడం, ఏడాదిన్నర దాటినా మాడు పూడకపోవడం, నడక ఆలస్యం కావడం, మణికట్లు లావెక్కడం, కాళ్ళు దొడ్డికాళ్ళుగా వంగడం. ఇవి రికెట్స్ (పిల్లల ఎముకలు మెత్తబడే జబ్బు) లక్షణాలు కావచ్చు. పిల్లల విషయంలో ఈ వ్యాసం చూసి నిర్ణయం తీసుకోవద్దు.

గర్భిణులు, కిడ్నీ లేదా లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, ఒకసారైనా కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు, బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్ళు. వీళ్ళకు రక్తపరీక్షే సరైన దారి.

ఫిట్స్‌కు ఫెనిటోయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ వాడేవాళ్ళు, టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్ళు. ఈ మందులు ఒంట్లో విటమిన్ డి తొందరగా ఖర్చయ్యేలా చేస్తాయి. మందు మాత్రం మానకండి, డాక్టరుకు చెప్పండి.

2. నీడ కొలవండి

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

"రోజూ పొద్దున్నే లేత ఎండలో అరగంట నడుస్తానండీ, నాకెందుకు తక్కువవుతుంది?" అని అడగనివాళ్ళు లేరు. లేత ఎండలో నడక గుండెకు మంచిది, నిద్రకూ మంచిది. కానీ చర్మంలో విటమిన్ డి తయారు కావడానికి కావలసిన యూవీబీ కిరణాలు ఆ వేళ నేలదాకా దాదాపు రావు. సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడు గాలి పొరలే వాటిని వడకట్టేస్తాయి. తిరుపతిలో జరిగిన పరిశోధనలో కూడా పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్యే ఎక్కువగా తయారవుతుందని తేలింది.

దీనికి లెక్కలూ యాప్‌లూ అక్కర్లేదు. చదునైన చోట నిలబడి మీ నీడ చూడండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే అది పనికొచ్చే ఎండ. పొడుగ్గా ఉంటే ఆ ఎండను లెక్కలో వేయకండి. మా మేడ మీద ఎదురింటావిడ ఒడియాలు పెడుతుంది. ఏడింటికి గుడ్డ పరిచి, పిండి పెట్టేసి కిందికి దిగిపోతుంది. అవి గట్టిపడడం మొదలయ్యేది తొమ్మిదిన్నర దాటాకే. ఆ వేళకు పిట్టగోడ నీడ గోడకంటే పొట్టిదైపోయి ఉంటుంది. ఒడియాలు ఎండే ఎండే విటమిన్ డి ఎండ అని నేను ఇంట్లో పిల్లలకు చెబుతుంటాను.

హైదరాబాద్ చుట్టుపక్కల జూన్‌లో సుమారు 9 నుంచి 3:30 దాకా నీడ మనకంటే పొట్టిగా ఉంటుంది. డిసెంబరులో 11 నుంచి 1:30 దాకా మాత్రమే. అంటే చలికాలంలో పదింటి ఎండ ఎంత హాయిగా ఉన్నా లెక్కలోకి రాదు.

వారం రోజులు నోట్‌బుక్కులో మూడు గడులు పెట్టుకోండి: ఎప్పుడు బయట ఉన్నారు, నీడ పొట్టిదా పొడుగుదా, ఎన్ని నిమిషాలు. జ్ఞాపకం మీద ఆధారపడి ఆదివారం కూర్చుని నింపొద్దు, ఏ రోజుది ఆ రోజే రాయండి. మనకు గుర్తున్న ఎండ ఎప్పుడూ నిజం ఎండకంటే ఎక్కువే.

వీటిని రాయకండి:
- కిటికీ అద్దం గుండా, కారు అద్దం గుండా పడిన ఎండ. అద్దం వేడిని రానిస్తుంది, యూవీబీని ఆపేస్తుంది.
- చెట్టు నీడలో, షెడ్డు కింద ఉన్న సమయం.
- దట్టంగా మబ్బు పట్టిన సమయం, పొగమంచు లేదా కాలుష్యం కమ్మిన సమయం.

హెచ్చరిక: ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడమని దీని అర్థం కాదు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఆ ఎండకు వడదెబ్బ తగులుతుంది. ఎండాకాలంలో నీడ అప్పుడప్పుడే పొట్టిదవుతున్న వేళ, తొమ్మిదీ పది మధ్య చాలు. చర్మం చురుక్కుమనేదాకా ఆగకండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఈ నీడ మరీ స్పష్టంగా చెబుతుంది. డిసెంబరు మిట్టమధ్యాహ్నం న్యూజెర్సీలో మీ నీడ మీకు రెండింతలు ఉంటుంది, లండన్‌లో మూడున్నర రెట్లు దాటుతుంది. అక్కడ చలికాలంలో ఎండ గడి సున్నా అని రాసుకోండి. బ్రిటన్ ఆరోగ్య శాఖ మనలాంటి చర్మం ఉన్నవాళ్ళను ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకోవడం ఆలోచించమంటోంది.

3. ఎంత ఒళ్ళు ఎండకు తగిలిందో రాయండి

నిమిషాలొక్కటే చాలవు. కాలిన గాయాలకు డాక్టర్లు వాడే లెక్కే ఇక్కడా వాడుకోండి: తల, మెడ కలిపి 9 శాతం, ఒక్కో చేయి 9 శాతం, ఒక్కో కాలు 18 శాతం. పొట్టి చేతుల చొక్కా వేసుకుంటే మోచేతి నుంచి కిందికి రెండు చేతులూ కలిపి సుమారు 9 అనుకోండి. హెల్మెట్, ఫుల్ చేతుల జాకెట్, మొహానికి స్కార్ఫు, చేతికి గ్లౌజులు వేసుకుని గంట సేపు బండి నడిపినా తగిలింది దాదాపు ఏమీ లేదు. పొలంలో పనిచేసే ఆడవాళ్ళు తలకు గుడ్డ చుట్టుకుని, పైన మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుంటారు. రోజంతా ఎండలో ఉన్నా వాళ్ళకు తక్కువ రావడం చూసి ఆశ్చర్యపోకండి.

చామనఛాయ, నలుపు ఒంటి రంగువాళ్ళకు తెల్లటి ఒళ్ళువాళ్ళకంటే ఎక్కువ సేపు కావాలి. అరవై దాటితే చర్మం తయారుచేసే శక్తీ తగ్గుతుంది. లావుగా ఉంటే తయారైనదాంట్లో కొంత కొవ్వులో ఇరుక్కుపోతుంది. ఈ మూడింటిలో మీకు ఏవి వర్తిస్తాయో పేజీ పైన రాసుకోండి.

4. తిండి లెక్క

మన జాతీయ పోషకాహార సంస్థ (ఐసీఎంఆర్-ఎన్ఐఎన్) 2020 సిఫార్సు ప్రకారం రోజుకు 600 ఐయూ కావాలి. ఐయూ (IU) అంటే విటమిన్లను కొలిచే ఒక యూనిట్. 40 ఐయూ అంటే ఒక మైక్రోగ్రాము. కొన్ని ప్యాకెట్ల మీద ఇలా, కొన్నిటి మీద అలా ఉంటుంది, కలగాపులగం చేయొద్దు.

పాల ప్యాకెట్టు, నూనె ప్యాకెట్టు తిప్పి చూడండి. నీలం రంగులో ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే విటమిన్ ఎ, డి కలిపారని అర్థం. అలాంటి లీటరు పాలలో 200–300 ఐయూ ఉండాలి, అంటే గ్లాసుకు 40–60. నూనెలో గ్రాముకు 4.4–6.4 ఐయూ. కోడిగుడ్డు పచ్చసొనలో సుమారు 40. తెల్లసొన మాత్రమే తింటే సున్నా.

ఒక లెక్క వేద్దాం. రెండు గ్లాసుల ఆ గుర్తున్న పాలు, రెండు గుడ్లు, నాలుగు చెంచాల నూనె. ఎంత ఉదారంగా కూడినా 250–330 దగ్గర ఆగుతుంది, పైగా వేపుళ్ళలో కొంత పోతుంది. గుర్తు లేని పాలు, గానుగ నూనె, శాకాహారం అయితే ఈ గడి దాదాపు ఖాళీయే. గానుగ నూనె చెడ్డదని అనడం లేదు, విటమిన్ డి కలపరు అంతే. చేపల్లో కొవ్వెక్కువగా ఉన్నవాటిలో బాగానే ఉంటుంది, కానీ నెలకోసారి తినే చేపను వారం లెక్కలో వేసుకోకండి.

తరచూ వినే పొరపాటు: "రోజూ రాగిజావ తాగుతాను, మునగాకు తింటాను." రాగుల్లో, మునగాకులో ఉండేది కాల్షియం. అది కూడా కావలసిందే, కానీ విటమిన్ డి వేరు. ఆకుకూరల్లో, పప్పుల్లో, పండ్లలో అది లేదు.

5. మందుల డబ్బా బోర్లించండి

గత మూడు నెలల్లో వేసుకున్న ప్రతి మాత్ర, పొడి ప్యాకెట్టు, ఇంజెక్షను రాయండి. కాల్షియం మాత్రల్లో, మల్టీవిటమిన్లలో, పాలలో కలిపే పొడుల్లో కూడా డి3 (విటమిన్ డిలో ఒక రకం) ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ఐయూ అంకె చదివి కూడండి. విటమిన్ డి ఒంట్లో వారాల తరబడి నిలిచే వస్తువు, రక్తంలో సగానికి తగ్గడానికే రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే పోయిన నెల వేసుకున్నది కూడా లెక్కే.

మనదగ్గర మామూలుగా రాసే 60,000 ఐయూ ప్యాకెట్టు వారానికి ఒకటి, అదీ కొన్ని వారాల పాటే. మాకు తెలిసిన ఒక పెద్దావిడ దాన్ని రోజుకొకటి చొప్పున నెలన్నర తాగింది. కవరు మీద ఎవరూ ఏమీ రాసివ్వలేదు, ఆవిడకు చదువు రాదు, మిగతా మాత్రలన్నీ రోజువే కాబట్టి ఇదీ రోజుదే అనుకుంది. మొదట ఎడతెగని దాహం, మలబద్ధకం. తర్వాత వాంతులు, మగత. ముసలితనం అనుకుని ఇంట్లోవాళ్ళు పది రోజులు ఊరుకున్నారు. ఆసుపత్రిలో చేర్చాక చూస్తే రక్తంలో కాల్షియం విపరీతంగా ఉంది. ఆవిడ దిండు పక్కన ఖాళీ ప్యాకెట్లు రబ్బరు బ్యాండు చుట్టి పెట్టుకుంది, లెక్క తప్పకూడదని. ఆ కట్ట చూశాకే డాక్టరుకు సంగతి అర్థమైంది.

మీ డబ్బాలో ఈ ప్యాకెట్లు ఉంటే, దాహం, వాంతులు, మాటిమాటికీ మూత్రం, మగత కూడా ఉంటే ఇక అంచనాలొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, ప్యాకెట్లు వెంట తీసుకెళ్ళండి.

6. కుర్చీ పరీక్ష

విటమిన్ డి బాగా తగ్గితే మొదట నీరసించేవి తొడ, తుంటి కండరాలు. ముందు పీట మీంచి లేచేటప్పుడు గమనించండి. ఒక చేయి నేల మీద ఆనించి, తర్వాత మోకాలు పట్టుకుని, అక్కణ్ణించి తొడ మీదుగా చేతులు పైకి పాకించుకుంటూ లేస్తున్నారా? ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కడానికి రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఒళ్ళు లాక్కుంటున్నారా? రాసుకోండి.

ఇప్పుడు కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి కూర్చోండి. 30 సెకన్లలో ఎన్నిసార్లు నిటారుగా లేచి కూర్చోగలరో పక్కనున్నవాళ్ళను లెక్కపెట్టమనండి. చేతుల సాయం తీసుకుంటే సున్నా కింద లెక్క. కింది అంకెలకంటే తక్కువైతే బలం తగ్గినట్టు:

- 60–64 ఏళ్ళు: ఆడవాళ్ళు 12, మగవాళ్ళు 14
- 65–69: 11, 12
- 70–74: 10, 12
- 75–79: 10, 11
- 80–84: 9, 10

అరవై లోపువాళ్ళు ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎంతసేపు పట్టిందో చూసుకోండి. 15 సెకన్లు దాటితే పట్టించుకోవాల్సిందే.

తూలే అలవాటున్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్ళు ఇది చేయొద్దు. మోకాలి అరుగుదల ఉంటే అంకె తక్కువే వస్తుంది, దానికి విటమిన్ డి కారణం కాకపోవచ్చు. భోజనం చేసిన వెంటనే వద్దు. ఒకసారి చేసి వదిలేయకుండా, రెండు వేర్వేరు రోజులు చేసి మంచి అంకె రాసుకోండి.

7. ఎముక నొక్కి చూడండి

మోకాలి కింద, ముందువైపు చదునుగా తగిలే ఎముక మీద బొటనవేలితో గట్టిగా, కానీ గుచ్చకుండా నొక్కండి. ఛాతీ మధ్య ఎముక మీదా అలాగే. చర్మం నొప్పి కాదు, లోపల ఎముకలో సలుపుగా కలుక్కుమంటే రాసుకోండి. రెండు కాళ్ళూ చూడండి. ఒక్క చోటే నొప్పి ఉంటే అది దెబ్బ కావచ్చు.

ఇది లేనంత మాత్రాన విటమిన్ డి సరిపడా ఉందనుకోవద్దు. తక్కువున్న చాలామందికి ఏ నొప్పీ ఉండదు.

8. ఇంకేదైనా కారణమా?

నీరసం, ఒళ్ళు నొప్పులు అనగానే విటమిన్ డి మీదికి తోసేయడం ఇప్పుడు అలవాటైపోయింది. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువున్నా, షుగరున్నా ఇవే లక్షణాలు. అరికాళ్ళలో తిమ్మిర్లు, మంటలు ఉంటే బి12 వైపు చూడాలి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళకు తొడలు నొప్పి పుట్టొచ్చు.

నల్గొండ, ప్రకాశం జిల్లాలవాళ్ళు మరోటి చూడాలి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బును, 1937లో మొదట వర్ణించింది ఆ ప్రకాశం ప్రాంతంలోనే. ఎముకల నొప్పి, నడుం బిగుసుకోవడం, కాళ్ళు వంకరపోవడం ఫ్లోరైడు వల్ల కూడా వస్తాయి. పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయా, చిన్నప్పటి నుంచి బోరునీళ్ళే తాగారా చూసుకోండి. ఉంటే ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటితే ఆ నీళ్ళు తాగకూడదు.

9. నోట్‌బుక్కు ముందు పెట్టుకుని తేల్చుకోండి

మార్కులేసి కూడే పద్ధతి నేను ఇవ్వను. ఇంటి మార్కులు చూసి జనం అదే రిపోర్టు అనుకుంటారు. ఎండ, తిండి, ఒంట్లో లక్షణాలు, ఈ మూడూ కలిపి చదవండి.

పొట్టి నీడ ఎండ వారంలో చాలా రోజులు ఉంది, చేతులూ కాళ్ళూ తగిలాయి, కుర్చీ పరీక్ష బాగుంది: ఉన్నదాన్నే కొనసాగించండి. పరీక్షా వద్దు, మాత్రా వద్దు.

ఎండ గడి, తిండి గడి రెండూ ఖాళీ, కానీ ఒంట్లో లక్షణాల్లేవు, ఒకటో అడుగులో చెప్పినవేవీ లేవు: ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడికే వస్తారు. ముందు ఎండ, తిండి సరిచేయండి. అది కుదరదంటే రోజువారీ చిన్న మోతాదు, 600 ఐయూ దగ్గర, మీ డాక్టరునడిగి మొదలుపెట్టొచ్చు. పెద్దలకు అన్నీ కలిపి రోజుకు 4,000 ఐయూ దాటకూడదు. 60,000 ప్యాకెట్టు సొంతంగా కొనొద్దు.

గడులు ఖాళీ, పైగా కుర్చీ అంకె తక్కువ లేదా ఎముక సలుపు: ఇక్కడ అంచనా పని అయిపోయింది. నోట్‌బుక్కు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రక్తం ఇవ్వాల్సి వస్తే అడగాల్సిన పేరు 25-హైడ్రాక్సీ విటమిన్ డి. 1,25 అని రాసి ఉంటే అది వేరే పరీక్ష, ఇంత పనికి అక్కర్లేదు. పరగడుపున వెళ్ళనక్కర్లేదు. షుగరుకో థైరాయిడ్‌కో ఎలాగూ రక్తం ఇస్తుంటే అందులోనే కలపమనండి, రెండోసారి సూది తప్పుతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ల్యాబ్‌వాళ్ళకు ముందే చెప్పండి, కొన్ని యంత్రాల్లో అది ఫలితాన్ని తారుమారు చేస్తుంది. నరం దొరకనివాళ్ళు, సూది భయం ఉన్నవాళ్ళు వేలికొసన చుక్క తీసి కార్డు మీద పెట్టే పద్ధతి దగ్గర్లో ఉందేమో అడగొచ్చు. రిపోర్టులో నానోగ్రాముల (ng/mL) లెక్కలో 20 దాటితే చాలామంది ఎముకలకు సరిపోతుంది, 12 లోపైతే లోటు. నానోమోల్స్ (nmol/L) అని ఉంటే ఆ అంకెను 2.5తో భాగించి చూసుకోండి.

ఒక రకం మోసం గురించి చెప్పకుండా ఉండలేను. అపార్ట్‌మెంట్లలో ఉచిత హెల్త్ క్యాంపు పెట్టి, చేతిలో లోహపు కడ్డీ పట్టుకోమని, నిమిషంలో కంప్యూటరులోంచి విటమిన్లన్నిటితో పేజీలకు పేజీల రిపోర్టు తీసి, వెంటనే డబ్బాలు అమ్ముతారు. కడ్డీ పట్టుకుంటే విటమిన్ డి తెలియదు. ఆ రిపోర్టు చూసి ఏ మందూ కొనకండి.

10. పనిచేసిందో లేదో చూసుకోవడం

మార్పు ఏదైనా మొదలుపెట్టిన తేదీ నోట్‌బుక్కులో పెద్దక్షరాలతో రాయండి. మూడు నెలల లోపు తేల్చకండి, ఒంట్లో స్థాయి నిలకడకు రావడానికి అంత కాలం పడుతుంది. ఆ రోజున అదే కుర్చీ, అదే గోడ, అదే వేళ. మళ్ళీ 30 సెకన్లు. పాత అంకె పక్కన కొత్త అంకె. ఎండ వారం కూడా మళ్ళీ రాయండి, ఎందుకంటే జూన్‌లో రాసిన గడి సెప్టెంబరుకు చెల్లదు. కుర్చీ అంకె కదలకపోయినా, నొప్పి అలాగే ఉన్నా మోతాదు మీరే పెంచొద్దు. ఎనిమిదో అడుగులో చెప్పిన కారణాలు ఇంకా తేలలేదన్నమాట. ఆ రెండు పేజీలూ డాక్టరుకు చూపించండి.